సీమ పిట్ట ఫోటోలో నేల ఎక్కడ?



కర్నూలు నుంచి నంద్యాల మీదుగా కడపకు బస్సులో పోయేవాళ్లు దారి పొడుగునా పాలపిట్టలను దాటుకుంటూ పోతారు. కరెంటు తీగ మీద, కె.సి. కాలువ గట్టున తుమ్మకొమ్మ మీద, చేను చుట్టూ పాతిన రాతికూసాల మీద అది కూర్చునే ఉంటుంది. బస్సు దిగినాక అడిగి చూడండి, పాలపిట్టా, యాడా కనపడలేదే అంటారు. వాళ్ల తప్పు లేదు. కూర్చున్న పాలపిట్ట మట్టిరంగు పిట్ట. వీపు గోధుమ, రొమ్ము ఇటుకపొడి. రెక్క విప్పి లేచినప్పుడు గానీ లోపల దాచిన రెండు నీలాలు, ముదురుదీ లేతదీ, బయటపడవు. మళ్లీ ఇంకో కూసం మీద వాలగానే రెక్క మూసుకుంటుంది, మన్నులో మన్నయిపోతుంది.

ఆ నీలం అద్దకపు రంగు లాంటిది కాదు. ఈక పోగుల్లో గాలి నిండిన అతిసన్నటి అరలుంటాయి. వెలుతురు వాటి మీద పడి చెదిరినప్పుడు నీలం భాగమే మన కంటికి తిరిగొస్తుంది. అదే ఈకను మెత్తగా నూరితే నీలం మాయమై మట్టిరంగు పొడి మిగులుతుంది. నెమలి మెడ తళుకూ ఈక నిర్మాణం చేసే పనే, కాకపోతే అది మనం చూసే కోణాన్ని బట్టి మారుతూ ఉంటుంది.   రామచిలుక పచ్చదనంలోనూ ఇలాంటి నీలమే ఉంది, దాని మీద పసుపు వర్ణకం కలిస్తే మనకు పచ్చగా కనిపిస్తుంది. రంగు వెలుతురు చేసే పని కాబట్టే ఒకే పిట్ట పొద్దున ఒక రంగు, మిట్టమధ్యాహ్నం ఒక రంగు. మబ్బు పట్టిన రోజున ఇంకో రంగు.

అడవిపిట్టల ఫోటోలంటే చాలామందికి పచ్చటి అడవి, జలపాతం, తడి ఆకులు గుర్తుకొస్తాయి. కర్నూలు, కడప జిల్లాల పిట్టల సంగతి వేరు. ఇక్కడి నేల ఎర్రమన్ను, నల్లరేగడి, నాపరాయి. చెట్టంటే తుమ్మ, రేగు, చండ్ర, కలివి పొద. ఎండిన గడ్డిలో బతకాలంటే గడ్డిరంగులో ఉండాలి. అవసరమైనప్పుడు మాత్రం రంగు చూపాలి, జోడు కోసమో, పోటీ మగపిట్టను బెదిరించడానికో. ఆ చూపే క్షణం కోసం కెమెరా పట్టుకుని కాచుకునేవాళ్లు ఇప్పుడు మన జిల్లాల్లో పెరుగుతున్నారు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు, ఇంజనీరింగు పిల్లలు ఆదివారం తెల్లవారుజామునే బయల్దేరుతున్నారు. సంతోషమే. అయితే వాళ్లు తెస్తున్న ఫోటోల మీద నాకొక అభ్యంతరం ఉంది. అది చెప్పేముందు, ఆ ఫోటో దొరకడం ఎంత కష్టమో చెప్పాలి, లేకుంటే అన్యాయమవుతుంది.

సీమలో మంచి వెలుతురు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. ఏప్రిల్, మే నెలల్లో పొద్దు మొలిచిన రెండు గంటలకే నేల సెగలు కక్కుతుంది. దూరాన ఎండమావిగా కనిపించేది, 600 మిల్లీమీటర్ల లెన్సులోంచి చూస్తే పిట్ట అంచులన్నీ కరగదీస్తుంది. లక్షలు పోసి కొన్న లెన్సుకూ అదే గతి. ఫోకస్ తప్పిందని కెమెరాను తిట్టుకుంటారు గానీ, పిట్టకూ మనకూ నడుమ వేడిగాలి పొరలు పొరలుగా ఊగుతుంటే ఏ గాజూ ఏమీ చేయలేదు. దగ్గరికి పోవడమొకటే మందు. పోతే పిట్ట లేస్తుంది. కాబట్టి ముందే పోయి కూర్చుని, అది తనంతట తాను వచ్చేదాకా ఓపిక పట్టాలి.

పిట్టలు గొర్రెల మందకు బెదరవు. మంద వెనకాల కట్టె పట్టుకుని నడిచే కాపరికీ అంతగా బెదరవు. నిటారుగా, నేరుగా తమ మీదికి నడిచొచ్చే మనిషికి బెదురుతాయి. కారుకు కూడా పెద్దగా బెదరవు. అందుకే అనుభవమున్నవాళ్లు కారు అద్దం దించి, తలుపు మీద శనగలు నింపిన గుడ్డసంచి వేసి, దాని మీద లెన్సు ఆనించి, ఇంజను ఆపి కూర్చుంటారు. నేలపిట్టలను తీయాలంటే అదీ చాలదు, బోర్లా పడుకోవాలి. పల్లేరుకాయలు మోచేతులకు గుచ్చుకుంటాయి. మోకాలెత్తు నుంచి తీసిన కముజుకూ, నేలకు ఆనించి తీసిన కముజుకూ పోలికే లేదు. రెండోదానిలో కముజు మన కళ్లలోకి చూస్తుంది.

అలవాటు పట్టగలిగితే పని సులువవుతుంది. పసరిక పిట్టనే తీసుకోండి. పచ్చటి ఒళ్లు, కంటికి నల్లటి కాటుకగీత, తోకలోంచి పొడుచుకొచ్చిన రెండు సన్నటి ఈకలు. గాల్లోకి లేచి తేనెటీగను పట్టుకుంటుంది, తిరిగి ఇంచుమించు ఎప్పుడూ అదే పుల్ల మీద వాలుతుంది. ఈగను ఆ పుల్లకేసి బాది, ముల్లు పోయేలా రుద్ది, అప్పుడు మింగుతుంది. పిట్ట వెంట కెమెరా తిప్పేవాడికి ఏమీ దొరకదు. పుల్ల మీద ఫోకస్ పెట్టుకుని, షట్టరు సెకనులో రెండు వేలవ వంతుకు బిగించి కూర్చున్నవాడికి వాలే రెక్క దొరుకుతుంది. ఇంకొకటి. ఈ పిట్ట గూడు చెట్టు మీద ఉండదు. ఇసుకగట్టులోనో, ఒక్కోసారి చదును నేలలోనో బొరియ తవ్వుకుంటుంది. ఫాల్గుణం నుంచి వైశాఖం దాకా అలాంటి చోట కాలు చూసుకుని వేయాలి, బండి అసలే పోనివ్వకూడదు.

వేసవిలో నీళ్ల దగ్గర కాపు వేయడం అందరికీ తెలిసిన కిటుకు. కుంటలన్నీ ఎండి ఎక్కడో ఒక మడుగు మిగిలితే చుట్టుపక్కల పిట్టలన్నీ అక్కడికే రావాలి. శాండ్‌గ్రౌజ్ అని పావురమంత నేలపిట్టలున్నాయి. మగవాటి ఒంటి మీద గోధుమ, పసుపు, నలుపు చారలు చెయ్యి తిరిగిన నేతగాడు వేసిన అంచులా ఉంటాయి. అవి పొద్దున ఒక వేళకు గుంపుగా వచ్చి, గబగబా నాలుగు గుక్కలు తాగి వెళ్లిపోతాయి. కొన్ని మగపిట్టలు పొట్ట ఈకలను నీళ్లలో తడుపుకుని, ఆ తడిని మోసుకుపోయి పిల్లలకు తాపుతాయి. మీరు ఆ మడుగు ఒడ్డున చొక్కా మెరిసేలా నిలబడితే ఆ గుంపు పైన రెండు చుట్లు తిరిగి వెనక్కి పోతుంది. మీకు పోయేది ఒక ఫోటో. ఎక్కడో రాళ్ల మధ్య వాటి పిల్లలకు ఆ పూట నీళ్లు పోతాయి, అదీ నలభై మూడు, నలభై నాలుగు డిగ్రీల ఎండలో. కాపు వేయాలనుకుంటే చీకటితోనే పోయి, దూరంగా, కంపచాటున కూర్చోవాలి. పిట్టలన్నీ తాగిపోయినాకే లేవాలి.

ఇక నా అభ్యంతరం. ఇంత కష్టపడి తెచ్చిన ఫోటోలో ఏముంటుంది? పిట్ట ఉంటుంది. కొస నుంచి కొస దాకా పిట్టే ఉంటుంది. వెనకాల పచ్చగానో పసుపుగానో అలికినట్టున్న మసక. ఈక ఈక లెక్కపెట్టొచ్చు. ఆ ఫోటో డోన్ దగ్గర తీశారో, కెన్యాలో తీశారో, జూలో ఊచల ముందు తీశారో పోల్చుకోలేం. పోటీల్లో బహుమతులు దానికే వస్తాయి, ఫోన్లలో చక్కర్లు కొట్టేదీ అదే. పిట్ట బతికే నేలను ఫోటోలోంచి తుడిచేయడం కళ అయిపోయింది. నేల నిజంగానే తుడిచిపెట్టుకుపోతున్న రోజుల్లో ఇది నాకు మింగుడు పడదు.

రోళ్లపాడు సంగతి చూడండి. నందికొట్కూరుకు దగ్గర్లో, ఒకప్పటి కర్నూలు జిల్లా, 2022 నుంచి నంద్యాల జిల్లా. 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. అరణ్యమన్న మాటే గానీ అక్కడ చెట్టు తక్కువ, అంతా గడ్డిబీడు. బట్టమేక పిట్ట కోసం ఏర్పడిన చోటు అది. మీటరు ఎత్తు, మగపిట్ట పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఎగరగలిగే పక్షుల్లో అతి బరువైన వాటిలో ఒకటి. సాధారణంగా ఒక్క గుడ్డు పెడుతుంది, అదీ గూడు లేకుండా వట్టి నేల మీద. 1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవాళ్లు అక్కడ మకాం వేసి దాన్ని ఏళ్ల తరబడి గమనించారు. వానాకాలంలో నేల నెమలి కూడా వచ్చేది. కోడిపెట్టంత ఉంటుంది. మగది జోడు కట్టే కాలంలో నల్లగా మారి, తల వెనక సన్నటి ఈకలు పెంచుకుని, గడ్డి పైకి కనిపించేలా ఎగిరెగిరి పడుతుంది. రోజుకు వందలసార్లు ఎగురుతుంది. కార్తీకం వస్తే మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు దిగేవి. పగలంతా నల్లరేగడి చేలలో మిడతలు పట్టుకుని, సాయంత్రానికి గడ్డిలో, నేల మీదే, గుంపుగా పడుకునేవి.

ఇప్పుడు రోళ్లపాడుకు పోతే కృష్ణజింకలు కనిపిస్తాయి, చలికాలమైతే పిల్లిగద్దలూ కనిపించొచ్చు. బట్టమేక పిట్ట మాత్రం కనిపిస్తే అది పత్రికల్లో వార్త. దేశం మొత్తం మీద అవి నూట యాభై లోపే మిగిలాయని అంచనా, వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లో. ఇక్కడ ఎందుకు పోయాయంటే ఒక్క కారణం చెప్పలేం. అభయారణ్యం చిన్నది, పిట్ట తిరిగే నేల పెద్దది. కంచె బయట ఉన్న మేతబీళ్లు సేద్యంలోకి పోయాయి. కాలువ నీళ్లొచ్చాయి, పంటలు మారాయి, కుక్కలు పెరిగాయి. నీళ్లు రాకూడదని సీమలో పుట్టినవాడెవడూ అనడు, నేనూ అనను. పాణ్యం దగ్గర గని, శకునాల ఊళ్ల పొలాల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, అప్పటికి ప్రపంచంలోనే పెద్దదన్నారు. అదీ దేశానికి కావలసిందే. కాకపోతే బీడు అన్న ప్రతి జాగానూ కాగితాల మీద పనికిరాని భూమి అని రాసేస్తాం కదా, అది పనికిరానిదా కాదా అని చెప్పడానికి సాక్ష్యం కావాలి. ఆ పొలాల్లో 1980లలో తీసిన ఫోటోల్లో మోకాలెత్తు గడ్డి, ఆ గడ్డిలో చిన్నగా బట్టమేక పిట్ట, వెనక అంచున గొర్రెల మంద కనిపిస్తే అదే సాక్ష్యం. పిట్ట మెడ ఒక్కటే ఉన్న ఫోటోతో ఏ అధికారినీ ఒప్పించలేం.

మన చట్టం కూడా ఈ నేల సంగతిని పట్టించుకుంది. అభయారణ్యంలో ఫోటో తీయాలంటే వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షను కింద అనుమతి తీసుకోవాలి. 2022 సవరణలో ఆ సెక్షనుకు ఒక షరతు చేర్చారు: ఆవాసంలో ఏ మార్పూ చేయకుండా, దానికీ జంతువులకీ హాని కలగకుండా తీసే ఫోటోలకే అనుమతి. అడ్డం వచ్చిందని గడ్డి పీకేయడం, ఫోటో శుభ్రంగా రావాలని గూటి ముందు కొమ్మ విరిచేయడం, ఫోన్‌లో పిట్ట కూత వినిపించి దాన్ని పొదలోంచి పదే పదే బయటికి రప్పించడం, పైడికంటి మీద రాత్రిపూట ఫ్లాష్ కొట్టడం, ఇవన్నీ చేసేవాళ్లున్నారు. లెన్సులు పొట్టిగా, ఫిల్ము నిదానంగా ఉన్న కాలంలో పిట్టను తీయడానికి గూడే దిక్కు, ఎందుకంటే పిట్ట ఖాయంగా తిరిగొచ్చే చోటు అదొక్కటే. ఇప్పుడా అగత్యం లేదు. చాలా పోటీలవాళ్లు గూటి ఫోటోలను తీసుకోవడమే మానేశారు.

ఫోటో కంటే ముందు కాలం ఇంకా మొరటుది. తుపాకీ పేలితేనే పిట్ట ఉన్నట్టు రుజువు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డన్ మన ప్రాంతపు పిట్టలను అలాగే సేకరించాడు. అయితే వాటికి మన దేశపు చిత్రకారుల చేత రంగుబొమ్మలు వేయించి, 1840లలో మద్రాసు నుంచి ఒక పుస్తకమూ తెచ్చాడు. ఆయన సంపాదించిన ఒక పిట్టకు 1848లో కలకత్తా నుంచి ఎడ్వర్డ్ బ్లైత్ అనే పక్షిశాస్త్రవేత్త శాస్త్రీయనామం పెట్టాడు. అదే మన కలివి కోడి. 1900లో అనంతపురం దగ్గర హోవర్డ్ క్యాంప్‌బెల్ అనే ఆయన దాన్ని చూశాడు. అంతే, ఆ తర్వాత ఎనభై ఆరేళ్లు ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

1986 జనవరిలో సిద్దవటం దగ్గర రెడ్డిపల్లెలో అది మళ్లీ దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ అనే పరిశోధకుడు ఊరూరా పిట్ట బొమ్మ చూపిస్తూ తిరిగాడు. పట్టింది మాత్రం ఐతన్న. పిట్టలు పట్టడంలో ఆరితేరిన స్థానికుడు, రాత్రి దీపపు వెలుతురులో చేత్తో పట్టుకున్నాడు. అప్పటికి ఇంకా బతికే ఉన్న పక్షిశాస్త్రవేత్త సలీం అలీ ఆ కబురు విన్నాడు. పాపం, ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు, చివరికి సొసైటీ భద్రపరిచే చర్మాల్లో చేరింది. రెండేళ్లకు, 1988లో, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తెలుగుగంగ కాలువ దారి కూడా ఆ పిట్ట కోసం మార్చాల్సి వచ్చింది. ఇరవై ఏడు సెంటీమీటర్ల పిట్ట కాలువను పక్కకు జరపడం మామూలు సంగతి కాదు.

ఇది రంగుల పిట్టేనా అంటే, దగ్గరగా చూసినవాళ్లకు రంగులే. గొంతు మీద ఇటుక నారింజ మచ్చ, రొమ్ము చుట్టూ తెల్లటి, గోధుమ పట్టీలు, కళ్ల మీదుగా వెడల్పాటి తెల్లగీత, ముక్కు మొదట్లో పసుపు. ఎవరు చూడాలి? పగలు పొదల్లో దాక్కుంటుంది. పొద్దు గూకినాక కాసేపు మాత్రం కూస్తుంది, రెండు స్వరాల కూత, ఆ తర్వాత రాత్రంతా మౌనం. అందుకే పరిశోధకులు వేరే ఉపాయం పట్టారు. పొదల మధ్య సందుల్లో మెత్తగా జల్లించిన మన్నును పట్టీలుగా పరిచి, పొద్దున్నే వచ్చి అడుగుజాడలు చూసేవాళ్లు. ఆ జాడ కలివి కోడిదా, తీతువుదా అని తేల్చుకోవడానికి పక్కనే తనంతట తాను క్లిక్‌మనే కెమెరా పెట్టేవాళ్లు. అందులో పడిన బొమ్మలు ఏ పోటీకీ పంపలేనివి. ఫ్లాషు వెలుతురులో తెల్లబోయిన మన్ను, ఒక పక్కన సగం తెగిన పిట్ట, పైన కలివి కొమ్మ. నా దృష్టిలో మన రెండు జిల్లాల్లో తీసిన పిట్టల ఫోటోలన్నిటిలో విలువైనవి అవే. వాటిలో పొద ఎత్తు తెలుస్తుంది, పొదల మధ్య ఎడం తెలుస్తుంది. కలివి కోడికి అడవి మరీ చిక్కగా ఉన్నా పనికిరాదు, మరీ పలచనైనా పనికిరాదు. కట్టెలు కొట్టడం, పశువుల మేత ఒక హద్దులో ఉంటేనే ఆ ఎడం నిలుస్తుంది. అది లెక్క కట్టడానికి ఆ తెల్లబోయిన బొమ్మలు పనికొచ్చాయి.

ఇది విని కెమెరా సర్దుకుని రాత్రికి లంకమలకు బయల్దేరేవాళ్లు ఎవరైనా ఉంటే, దయచేసి ఆగండి. అది ఎర్రచందనం అడవి. చీకట్లో టార్చి వేసుకుని తిరిగేవాణ్ణి అటవీ సిబ్బంది పక్షిప్రేమికుడని అనుకోరు, అనుకోవలసిన పనీ లేదు. అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. పైగా అంత అరుదైన పిట్టకు పదిమంది టార్చిలు పట్టుకుని తిరిగితే ఉన్న నీడా పోతుంది. ఎక్కడ కనిపించిందో ఫోన్‌లో లొకేషన్‌తో సహా పంచుకోవడం అంతకంటే ప్రమాదం. ఈబర్డ్ లాంటి వేదికలు కూడా అతి అరుదైన పిట్టల చోటును బయటికి చూపించవు.

కలివి కోడి కాకుండా చూడదగినవి బోలెడున్నాయి. బండరాళ్ల గుట్టల్లో తిరిగే పసుపు గొంతు పిగిలిపిట్ట దక్షిణ భారతంలోని రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, దాన్ని లోకానికి చెప్పిందీ జెర్డనే. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ బడి కొండల్లో అది ఉంది. ఆ బడి తన లోయను పక్షుల నెలవుగా కాపాడుకుంటోంది, పిట్టల గురించి ఇంటి దగ్గరే చదువుకునే కోర్సు కూడా నడిపింది. ఆ రాతిని వదిలేసి పిట్టను ఒక్కదాన్నే తీస్తే అది ఏ తోటలో పిట్టో అనుకుంటారు. అనంతపురం వైపు వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడుమ చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. అవి వస్తే వానలు పడతాయని ఊరివాళ్ల నమ్మకం, అందుకే రాయి విసరనివ్వరు. అక్కడ ఫోటో తీస్తే కొంగ కింద మిద్దె రావాలి, మిద్దె మీద ఆరేసిన చీర రావాలి, అరుగు మీద కూర్చున్న ముసలాయన కూడా రావాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పెద్ద లెన్సు లేదన్న దిగులు అక్కర్లేదు. చిన్న లెన్సయితే నేల దానంతటదే ఫ్రేములోకి వస్తుంది. పిట్ట పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, తెలిసినవాళ్లు తర్వాత చెప్తారు. ఫోటో కింద మీరు రాయవలసినవి తేదీ, వేళ, దగ్గర్లోని ఊరు, చుట్టూ ఏమి ఉందో: గడ్డిబీడా, శనగచేనా, కంప పొదలా, నాపరాళ్ల గనా. అదే చోటికి మళ్లీ ఏడాది పోయి, అదే గట్టు మీద నిలబడి, పిట్ట ఉన్నా లేకపోయినా ఒక ఫోటో తీయండి. కార్తీకం నుంచి మాఘం దాకా పిల్లిగద్దలు మన రేగడి చేల మీద తిరుగుతాయి. రోళ్లపాడుకు పోదలచినవాళ్లు ముందుగా అటవీశాఖ కార్యాలయంలో అనుమతి అడిగి పోండి. సాయంత్రం నాలుగుకల్లా చేరుకుంటే వెలుతురు సరిపోతుంది.